లాక్ పిన్నుల మీద నా ఉపన్యాసం

గప్పట్ల నాకు ఇరవై రెండేండ్లు. ఆ ఈడుల మనిషికి తెల్వని సంగతంటూ ఏదీ ఉండదు. తెల్వనియన్నీ ముప్పై దాటినంక ఒక్కొక్కటే బయటపడుతయి. ఐటీఐల డీజిల్ మెకానిక్ పాసై, జగిత్యాల్ల ఒక ట్రాక్టర్ల షెడ్డుల పనికి కుదిరిన కొత్తలది. మా ఊరు కొడిమ్యాల దిక్కు. అక్కడికెల్లి రోజూ వచ్చిపోవుడు కష్టమని మల్యాల పక్కన మా మేనమామ ఇంట్ల ఉండేటోన్ని. పొద్దున ఇస్త్రీ అంగి తొడుక్కొని, జేబుల పెన్ను పెట్టుకొని షెడ్డుకు పోయేటోన్ని (మెకానిక్కుకు ఇస్త్రీ అంగి ఎందుకని మా సేటు మొదటి నెలంత నవ్విండు, రెండో నెలకు ఆయనే అలవాటు పడ్డడు). పాత మేస్త్రీలు చెవి పెట్టి ఇంజను సప్పుడు ఇని రోగం చెప్తుంటే, నేను పుస్తకంల పేజీ నంబరుతో సహా చెప్పేటోన్ని. రోగం మాత్రం వాళ్లు చెప్పిందే అయ్యేది.

నాకు అన్నిటికంటె ఇష్టమైన పాఠం లాక్ పిన్నులది. ట్రాక్టర్ ఎనుక కింద రెండు ఇనుప చేతులుంటయి, నడుమ మీదికెల్లి ఇంకొకటి ఉంటది. నాగలైనా, కల్టివేటరైనా ఈ మూడు చేతులకే తగిలిస్తరు. తగిలించినంక అది జారిపోకుంట ఒక్కో చేతి కాడ ఒక్కో లాక్ పిన్ను ఏస్తరు. చిటికెన వేలంత పిన్ను, దానికి చెవి కమ్మ లెక్క ఒక గుండ్రటి స్ప్రింగు. రంధ్రంల దూర్చి స్ప్రింగును టక్కున మలిపితే ఇగ ఎంత కుదిపినా ఊడది. పొలాలల్ల అన్నిటికంటె ఎక్కువ పోగొట్టుకునేటియి గివే. పోయినంక వాటి జాగల మనోళ్లు ఏమేం పెడుతరో షెడ్డుల కూసుంటే తెలుస్తది. మొలలు, సైకిల్ పుల్లలు, కట్టుడు తీగలు, గంటె కాడలు. ఒకాయనైతే ఇంటామె జడకు పెట్టుకునే పిన్ను పెట్టుకొని వచ్చిండు (ఆ సాయంత్రం ఆయన ఇంట్ల ఏమైందో మాకు తెల్వది, మల్ల రెండు నెలలు షెడ్డు దిక్కు రాలే). అట్లాంటోళ్లు వచ్చినప్పుడల్లా నేను చేతిల పని ఆపి మరీ చెప్పేటోన్ని. గిది చిన్న ముక్క అనుకోకుండ్రి, దీని మీదనే ప్రాణాలున్నయని చెప్పి, నా మాట నాకే మస్తు నచ్చి, ఇంకోసారి చెప్పేటోన్ని.

మా మామకు ఒక ట్రాక్టర్ ఉండె. దాన్ని నడిపేటాయన్ని ఊరంత నిమ్మలం అని పిలిచేది. ఏది అడిగినా "నిమ్మలంగ చేద్దాం తియ్" అనుడు ఆయన అలవాటు. నాకు వరుసకు కాక. వాళ్లది తాటిచెట్లెక్కి కల్లు గీసే ఇల్లు. పదిహేనేండ్లు చెట్లెక్కిండట. ఒకసారి సగం మీదికెల్లి జారి కాలు ఇరిగినంక, చెట్లు ఇడిసిపెట్టి మా మామ ట్రాక్టర్ పట్టిండు. కొద్దిగ కుంటుతడు గని స్టీరింగు మీద కూసుంటే ఆ కుంటు కనవడది. పొద్దున బండి తీసే ముందు కాక ఒక చుట్టు తిరుగుతడు. ఎనుకకు వంగి, మూడు పిన్నులను చేత్తోని ఒక్కొక్కటే తడిమి, గుంజి సూస్తడు. కండ్లతోని సూస్తే సరిపోదా కాక అంటే, "చెట్టెక్కేటోడు మోకును కండ్లతోని సూడడు కొడుకా, చేత్తోని గుంజి సూస్తడు. గది నడుముకు కట్టుకునే తాడు. గది తెగితే మనిషి లేడు" అనేటోడు. నాకు నవ్వు వచ్చేది. ఆయన పదిహేనేండ్ల చెట్ల మీద నేర్చుకున్నదాన్ని నేను పదిహేను నిమిషాల పాఠంల చదివిన కద మరి.

ఒకరోజు సేటు పిలిచి, "రేపు కోరుట్లల రైతుల మీటింగున్నది. నాకు కుదరదు. నువ్వే పోయి ట్రాక్టర్ జాగ్రత్తల మీద నాలుగు ముక్కలు చెప్పు. గా పిన్నుల సంగతే చెప్పు, నీకు గది బాగ నోరు తిరుగుతది. షెడ్డులకెల్లి నాలుగు పిన్నులు పట్టుకపోయి సూపెట్టు" అన్నడు. ఆ సాయంత్రం నేను మాట్లాడేది రాసుకునుట్ల పడి పిన్నులు తీసుకునుడు మరిచిపోయిన. తెల్లారి అంగికి ఇస్త్రీ చేస్తుంటె యాదికొచ్చింది. మీటింగు పొద్దుగాలనే. షెడ్డు తెరిచే సరికి నేను కోరుట్ల స్టేజీ మీద ఉండాలె. ఏం చెయ్యాలె అనుకుంట వాకిట్లకు వస్తె, ఎదురుంగ మామ ట్రాక్టర్. దానికి కల్టివేటర్ తగిలించి ఉన్నది. మూడు పిన్నులు. మామ పోయిన వారమే కొత్తయి ఏయించిండు. పచ్చగ, బంగారం లెక్క మెరుస్తున్నయి.

నేను పెద్దగ ఆలోచించలే. మూడు గుంజుకున్న. ఉత్తగ ఇడిసిపెడితే బాగుండదని పశువుల కొట్టంలకెల్లి మూడు మొలలు తెచ్చి, దూర్చి, కొసలు వంచిన. మధ్యాహ్నం కల్ల వచ్చి మల్ల ఏసేద్దాం, ఆ రోజు దున్నేది ఇంటెనుక మడే కద, నాలుగడుగులల్ల ఏమైతదిలే అనుకున్న. (ఇదే మాట షెడ్డుల ఇంకొకరు అంటె నేను అరగంట క్లాసు పీకేటోన్ని.)

మొలల కొసలు వంచుతుండంగనే నిమ్మలం కాక వచ్చిండు. చాయ గిలాస గోడ మీద పెట్టి, రోజు లెక్కనే ఎనుకకు రాబోయిండు. నేను లేచి అడ్డం నిలవడ్డ. మొలలు కనవడితే మామకు చెప్తడు, మామ తిడుతడు, పిన్నులు గుంజుకుంటడు, స్టేజీ మీద నేను ఉత్త చేతులతోని నిలవడాలె. గదంత ఒక్క నిమిషంల తలకాయల తిరిగింది.

"నేనన్ని సూసిన కాక. మూడూ సూసిన" అన్న.

"సూసినవా? ఒక్కసారి చెయ్యి పెట్టి..."

"నేను సూసినంక మల్ల సూసుడేంది కాక? గీ పనికే కద నన్ను సదివిపిచ్చిండ్రు."

కాక నా దిక్కు సూసిండు. నవ్విండు. "గదీ నిజమే. ఇంజినీరు సూసినంక నేను సూసుడేంది" అనుకుంట చాయ గిలాస తీసుకున్నడు. ఆ నవ్వుల ఎటకారం లేదు. నేను సదువుకున్న అనేది ఆయనకు నిజంగనే గొప్ప. ఆయన నడుపుడు మొదలుపెట్టినంక చెయ్యి పెట్టి తడిమి సూడని రోజు గదొక్కటే కావచ్చు.

కోరుట్లల నేను మాట్లాడిన తీరు ఇప్పటికీ నాకు యాదికున్నది, యాదికుండకపోతే బాగుండునని కూడ ఉన్నది. రెండొందల మంది దాక రైతులు. నేను పిన్నును రెండు వేళ్ల నడుమ పట్టుకొని పైకి లేపిన. ఎండకు మెరిసింది. "గిది సూడండ్రి. ఎంత చిన్నగున్నది. దీని జాగల మొల పెట్టేటోనికి ఏం తక్కువైంది? నిర్లక్ష్యం తక్కువైందా?" అన్న. ముందు వరుసల కూసున్నోళ్లు నవ్విండ్రు. మొల వంగుతది, అరుగుతది, రోడ్డు మీద కుదుపుకు తెగుతది, తెగితే చెయ్యి జారుతది, ఎనుక వచ్చేటోళ్ల గతేందని ఒక్కొక్క మెట్టు చెప్పుకుంట పోయిన. ఒక పెద్దమనిషి లేచి, "సారూ, మీ ఇంట్ల బండికి గూడ గివే ఉన్నయా?" అని అడిగిండు. "మా మామ బండికి మూడూ ఒరిజినల్" అన్న. అబద్ధం కాదు. ఒరిజినల్ మూడూ నా చేతిలనే ఉన్నయి. చప్పట్లు కొట్టిండ్రు. శాలువ కప్పిండ్రు. అది నాకు మొదటి శాలువ.

భోజనాల కాడ కూసున్నంక ఫోన్ మోగింది. అత్త. ఆమె ఎన్నడూ ఫోన్ల గట్టిగ మాట్లాడది. ఆ రోజూ మెల్లగనే చెప్పింది.

"ఇంటికి రా కొడుకా. బండి కాడ గడబిడైంది. ఎవ్వరికేం కాలే. గని రా."

అయ్యిందేందంటే, ఇంటెనుక మడి ఇంకా తడిగున్నదని మామ కాకను ఊరవతల మెట్ట చెలుకకు పంపిండు. రోడ్డు మీదికెల్లి పోవాలె. మక్కల కాలం, అంటే మొక్కజొన్న కోతలైన రోజులు. ఊరోళ్లంత రోడ్డుకు ఒక పక్క మక్కలు ఆరవోసుకున్నరు. కాక నిమ్మలంగనే పోతున్నడట. కల్వర్టు కాడ చిన్న గుంత. బండి ఒక్క కుదుపు కుదిపింది. ఎడమ పక్క మొల తెగింది. చెయ్యి జారింది. కల్టివేటర్ ఒక పక్కకు ఒరిగి, రోడ్డుకు తాకి, గిర్రున అడ్డం తిరిగింది. కాక బ్రేకు మీద నిలవడ్డడు. అది ఆగేలోపు పది పన్నెండు గజాలు మక్కల నడుమకెల్లి దున్నుకుంట పోయింది. ఆ మక్కలకు కావలి ఒక ముసలవ్వ కూసున్నది. కల్టివేటర్ ఇనుప పండ్లు ఆమె మోకాలికి జానెడు దూరంల ఆగినయి.

నేను పోయేసరికి ఊరంత అక్కడనే ఉన్నది. ముసలవ్వ మాత్రం కూసున్న జాగలకెల్లి లేవలే, ఇంకా మక్కల నడుమ అట్లనే కూసున్నది. "నాకేం కాలే తియ్యుండ్రి. నా మక్కలు కలిసినయి, రాళ్లు ఏరి మల్ల పొయ్యుండ్రి" అంటున్నది. ఎవరో నవ్విండ్రు. నాకు ఆ జానెడు జాగను సూసినంక నవ్వు రాలే. భుజం మీద శాలువ అట్లనే ఉన్నది, తీసుడు కూడ మరిచిపోయిన.

మామ చేతిల తెగిన మొల ముక్క ఉన్నది. దాన్ని అరచేతిల అటు ఇటు తిప్పుతున్నడు. మామ అరిచే మనిషి కాదు. కోపమొస్తె ఇంకా మెల్లగ మాట్లాడుతడు.

"గీ మొల ఎవలు పెట్టిండ్రు బావా?"

కాక నా దిక్కు సూసిండు. ఎక్కువసేపు కాదు. ఒక రెప్పపాటు. నా ప్యాంటు జేబుల మూడు పిన్నులున్నయి. నేను కదిలితే అవి గల్లుమంటయని కదలకుంట నిలవడ్డ. నిజం చెప్తున్న, ఆ నిమిషంల నాకు వచ్చిన ఆలోచన ముసలవ్వ గురించి కాదు, కాక గురించి కాదు. సప్పుడు కావద్దు అనేదొక్కటే.

"పొద్దుగాల నేను సూసుకోలే బావా. తప్పు నాదే" అన్నడు కాక.

"రోజు సూస్తవు కద."

"ఇయ్యాల సూడలే."

మామ మొల ముక్కను జేబుల ఏసుకున్నడు. తాళంచెవి కోసం చెయ్యి చాపిండు. కాక తాళంచెవి ఆ చేతిల పెట్టి, కుంటుకుంట ముసలవ్వ కాడికి పోయి కింద కూసొని, మక్కలల్ల రాళ్లు ఏరుడు మొదలుపెట్టిండు. నేనూ పోయి కూసున్న. ఇద్దరం పక్కపక్కనే గంటసేపు ఏరినం. ఒక్క మాట చెప్పేటందుకు గంట మస్తు టైము. నేను చెప్పలే. ఆయన అడగలే.

తెల్లారి నేను చేసిన పని ఇంకా సిగ్గు. అందరి కంటె ముందు లేచి మూడు పిన్నులు మల్ల ఏసిన. మామ సూసి, "ఎక్కడియిరా?" అన్నడు. "షెడ్డులకెల్లి తెచ్చిన" అన్న. ఆయన నా భుజం మీద చెయ్యేసిండు. ఇగ ఆ వారమంత ఎవలు కనవడితే వాళ్లకు, "మా అల్లుడు తెల్లారేసరికి కొత్తయి తెచ్చి ఏసిండు. సదువంటె గదీ" అని చెప్పుడే. అత్త ముందు ఆ మాట అన్నప్పుడల్లా నేను అన్నం పళ్లెంలకు తల వంచుకునేటోన్ని. (మొహమాటం అనుకున్నరు. దానికి కూడ మెచ్చుకున్నరు.)

కాక మల్ల బండెక్కలే. ఇంకొకరి బండి కూడ దొరకలే. మొల పెట్టి తోలిండు అనే మాట చుట్టుపక్కల ఊర్లల్ల ముందే తిరిగింది. రెండు నెలలకు ఆయన బామ్మర్ది పిలిస్తే భార్యనూ బిడ్డనూ తీసుకొని సిరిసిల్లకు పోయిండు. అక్కడ సాంచాల మీద పని, అంటే కరెంటు మగ్గాల మీద బట్ట నేసుడు. పోయే ముందు మా ఇంటికి వచ్చి అత్తకు చెప్పి పోయిండట. నేను షెడ్డుల ఉన్న. ఉన్న అని ఇప్పుడంటున్న గని, ఆ రోజు షెడ్డుకు సెలవే. ఆయన వస్తుండని తెలిసి జగిత్యాల బస్టాండుల సాయంత్రం దాక బస్సులు లెక్కవెట్టుకుంట కూసున్న.

ఆరు నెలలు గడిచినంక ఇగ నాతోని కాలే. షెడ్డుల ఎవలన్న మొల పెట్టుకొని వస్తె నోరు లేస్తలేదు. సేటు, "ఏందిరా, నీ క్లాసు బందైంది?" అని కూడ అడిగిండు. ఒక ఆదివారం సిరిసిల్లకు పోత అన్న. అత్త మక్క గారెలు చేసి డబ్బల పెట్టిచ్చింది. బస్సుల పోతుంటె, చెప్పేది మొత్తం లోపల్లోపల రాసుకున్న. కోరుట్ల ఉపన్యాసానికి కూడ అంత తయారీ చెయ్యలే. మొదలు క్షమాపణ, నడుమ సంగతి, ఆఖరుకు మామకు నేనే చెప్త అనే మాట.

సాంచాల షెడ్డు కాడికి పోయి లోపల అడుగు పెట్టిన. అంతే, నా చెవులు నాయి కావనిపిచ్చింది. ఇరవై మగ్గాలు ఒక్కసారే కొట్టుకుంటున్నయి. ఒకరి మాట ఒకరికి ఇనవడే ముచ్చటే లేదు. అందరు చేతులతోని సైగలు చేసుకుంటున్నరు. గాలిల నూలు దుమ్ము. కాక నాలుగు మగ్గాల నడుమ అటు ఇటు తిరుగుతున్నడు, ఎంట్రుకలల్ల తెల్లటి నూలు పోగులు. నన్ను సూసి మొఖమంత నవ్విండు. నేను ఆయన కాడికి పోయి నిలవడ్డ. మాట వస్తదో రాదో అని భయపడ్డ గని, వచ్చింది. పూర వచ్చింది. గొంతు చించుకొని చెప్పిన.

"కాకా, గా మొలలు పెట్టింది నేనే. పిన్నులు నా జేబులనే ఉండె. నువ్వు నా మాట నమ్మి సూసుకోలే. తప్పు నాది, నీది కాదు."

కాక చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని నేను ఆపేదాక నిలవడ్డడు. తల ఊపిండు. నా చెవి కాడికి నోరు తెచ్చి, "అత్త పానం మంచిగున్నదా?" అని అరిచిండు.

నేనూ తల ఊపిన.

కొంచెంసేపటికి బయటికి వచ్చి చాయ కొట్టు కాడ కూసున్నం. చెవులల్ల ఇంకా మోత పోలే. కాక గారెల డబ్బ ఇప్పి ఒకటి తిని, అత్త చెయ్యి అత్త చెయ్యే అన్నడు. బిడ్డను ఇక్కడి బడిల ఏసిన, మంచిగ సదువుతది అన్నడు. పని ఎట్లున్నది కాక అంటె గారెల డబ్బకు మూత పెట్టిండు.

"చెట్టు మీద గాలుండె. బండి మీద గాలుండె. ఇక్కడ గాలి లేదు కొడుకా. అయినా అలవాటైతది. నిమ్మలంగ అలవాటైతది." చాయ తాగి గిలాస కింద పెట్టి, "లోపల ఏదో గట్టిగ చెప్తుంటివి. ఏంది?" అన్నడు.

ఇప్పుడు మోత లేదు. ఆయన నా ఎదురుంగ ఉన్నడు. అడుగుతున్నడు కూడ. నాలుగు మాటలు. రెండొందల మంది ముందు గంట మాట్లాడినోన్ని.

"ఏం లే కాక. గారెలు తెచ్చిన అని చెప్పిన" అన్న.

"గదే అనుకున్న" అన్నడు.

ఇంటికి వచ్చినంక మామకైతే చెప్పిన. ఆ సాయంత్రమే, వాకిట్ల, మామ కాళ్లు కడుక్కుంటుండంగ. మామ చెంబు కింద పెట్టి నా ముంగటికి వచ్చి నిలవడ్డడు. కొడుతడనుకున్న, కొట్టలే. మూడు రోజులు నాతోని మాట్లాడలే. నాలుగో రోజు తెల్లంగి తొడుక్కొని సిరిసిల్ల బస్సెక్కిండు. సాయంత్రం ఒక్కడే దిగిండు. కాళ్లు పట్టుకున్నంత పని చేసిన, రాడట అన్నడు. బిడ్డ సదువు నడుమల ఆపుడు కాదట. నేను గుంజకు ఒరిగి నిలవడి, "నన్నేమన్న అన్నడా?" అని అడిగిన. "అన్నడు. పోరడు మీటింగులల్ల మంచిగ మాట్లాడుతడట కద, ఇంకా పైకి రావాలె అన్నడు" అని మామ లోపలికి పోయిండు. తిట్టినా బాగుండు.

గిప్పుడు నాకు నలభై దాటినయి. జగిత్యాల్ల అదే షెడ్డు, ఇప్పుడు నేనే చూసుకుంటున్న. పొట్ట వచ్చింది, ఇస్త్రీ అంగి పోయింది. కాక సిరిసిల్లలనే ఉన్నడు, బిడ్డ నర్సు అయ్యింది. సాంచాల మోతకు ఆయన చెవులు సగం పోయినయి. పెండ్లిళ్లల్ల కలుస్తడు. నా చెయ్యి పట్టుకొని పక్కన కూసోవెట్టుకుంటడు. మామ చెప్పిండు గాబట్టి సంగతంత ఆయనకు తెల్సు, ఆయనకు తెల్సని నాకు తెల్సు. అయినా నా నోటితోని నేను చెప్పుడు వేరే కద. ప్రతిసారి ఈసారి చెప్పాలె అనుకుంట, ఆఖరుకు వానల గురించి మాట్లాడి లేస్త. ఇంటికి వచ్చేటప్పుడు ఆ ఇరవై రెండేండ్ల పోరడు యాదికొస్తడు. వాని మీద కోపం వస్తది, జాలి వస్తది, ఎనుకనే నవ్వు కూడ వస్తది. ఎంత హుషారు పోరడో సూడండ్రి. జీవితంల ఒక్కసారి గొంతు చించుకొని నిజం చెప్పిండు, అదీ సిరిసిల్ల మొత్తంల ఎవ్వరికీ ఇనవడని జాగ ఎతుక్కొని మరీ చెప్పిండు.